మేడ మీద చప్పుళ్ళు

వీరులపాడు ప్రేమదాసు కూతురు రత్నమణి ట్రైనింగు పాసై నందిగామలో చిన్నపిల్లల బడికి పంతులమ్మగా వచ్చేనాటికి ఆమెకు ఇరవై రెండేళ్ళు. ఉద్యోగం దొరికింది గాని గది దొరకలేదు. ఏ వీధిలో అడిగినా ముందు పేరు అడిగేవారు, తరవాత ఊరు, ఆ తరవాత గది ఖాళీ లేదనేవారు. చివరికి తాలూకా కచేరీలో హెడ్ గుమాస్తా జగన్నాథరావుగారి భార్య భారతీదేవి తమ ఇంటి వీధిగది తాళం తీసి ఆమె చేతిలో పెట్టింది. ఎదురింటివాళ్ళు నెల రోజులు ఆ ఇంటి గడప తొక్కలేదు. "మంచిదే, కాఫీపొడి మిగిలింది" అంది భారతీదేవి.

ఆవిడకు పిల్లలు లేరు. సాయంత్రం బడి నుంచి రాగానే రత్నమణిని వంటింటి గుమ్మంలో కూర్చోబెట్టుకుని బియ్యం ఏరుతూ కబుర్లు చెప్పేది. పిన్నిగారూ అని పిలవమంది. జగన్నాథరావుగారిని మాత్రం రత్నమణి అయ్యగారూ అనే అనేది. మూడేళ్ళలో ఆయనతో ఆమె మాట్లాడినవి ముప్పై మాటలుండవు.

1955 వేసవిలో భారతీదేవికి జ్వరం వచ్చింది. ఆయన అప్పుడు జమాబందీ పని మీద, శిస్తు లెక్కలు చూస్తూ ఊళ్ళు తిరుగుతున్నారు. మామూలు జ్వరమే అనుకున్నారు అందరూ. తొమ్మిదో రోజున మామూలుది కాదని తేలింది, పదో రోజున ఆవిడ పోయింది. కబురందుకుని ఆయన జట్కా దిగేసరికి వీధి నిండా జనం. ఆఖరి మూడు రోజులూ పక్కన కూర్చుని ఆవిడ నోట్లో నీళ్ళు పోసింది రత్నమణే. ఆ సంగతి ఆయనకు తెలుసు. కాని ఆ మూడు రోజుల గురించి ఆయన ఎప్పుడూ ఏమీ అడగలేదు. ఆయన అడగనిదే చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

మరుసటేడు ఆయన రిటైరయ్యారు. మద్రాసు నుంచి పోస్టులో ఇంగ్లీషు పుస్తకాలు రావడం మొదలైంది. చనిపోయినవాళ్ళు ఎక్కడికీ పోరనీ, తమ మాట మోసే తగిన మనిషి, అంటే మీడియం, దొరికితే చప్పుళ్ళు చేసి జవాబులు చెబుతారనీ, ఇంగ్లండు సీమలో పెద్ద పెద్ద ప్రొఫెసర్లే కూర్చుని పరీక్షించారనీ వాటిలో ఉందట. మేడ మీద చెక్కలు పరిచిన గది ఒకటుంది. అందులో ముక్కాలి పీట ఒకటి వేసి, చుట్టూ కుర్చీలు వేసుకుని, దీపాలు పెట్టే వేళ కిటికీలు మూసి, ముగ్గురు మిత్రులతో కలిసి ఆయన దాని మీద చేతులు ఆన్చి కూర్చునేవారు. పీట ఒక్కోసారి ఒరిగేది. నువ్వు నొక్కావంటే నువ్వు నొక్కావని వాళ్ళలో వాళ్ళే పోట్లాడుకునేవారు.

1957 జనవరిలో ఒక సాయంత్రం ఆ ముగ్గురిలో ఒకాయన రాలేదు. నలుగురు ఉంటే గాని కుదరదట. జగన్నాథరావుగారు మెట్ల మీంచి తొంగిచూసి, "అమ్మాయ్, కాసేపు పైకి వస్తావా? ఊరికే చేతులు పెట్టి కూర్చోవాలి, అంతే" అన్నారు.

ఇక్కడ రత్నమణి అలవాటు ఒకటి చెప్పాలి. మనసు కుదురుగా లేనప్పుడు ఆమె కుడికాలి బొటనవేలిని పక్కవేలి మీదికి ఎక్కించి ఠక్కున జారవిడుస్తుంది. చేత్తో చిటిక వేస్తామే, అలాగే. మట్టినేల మీదైతే ఏమీ వినపడదు. చెక్క మీదైతే ఎవరో తలుపు కొట్టినట్టుంటుంది. బోర్డింగు స్కూల్లో బల్లల మీద అలా చేసి తోటిపిల్లల్ని నవ్వించి వార్డెనమ్మ చేత దెబ్బలు తినేది. పెద్దయ్యాక నవ్వించడం మానేసింది గాని, వేలు మాత్రం మానలేదు.

గదిలో లాంతరు బాగా తగ్గించారు. జగన్నాథరావుగారు కళ్ళు మూసుకుని, "భారతీ, వచ్చావా?" అన్నారు. కచేరీలో పదిమంది గుమాస్తాలను గడగడలాడించిన గొంతు అది. ఇప్పుడు తలుపవతల నిలబడి, లోపలికి రావచ్చా అని అడిగేవాడి గొంతులా ఉంది. రత్నమణికి తెలియకుండానే వేలు జారింది.

టక్.

"వచ్చింది! విన్నారా? వచ్చిందయ్యా!" ఆయన కళ్ళ వెంట నీళ్ళు ధారలు కట్టాయి. "భారతీ, నా మీద కోపంగా ఉన్నావా? ఉంటే ఒక్కసారి కొట్టు. లేకపోతే రెండుసార్లు కొట్టు."

అయ్యగారూ, అది నా కాలండీ అందామని రత్నమణి నోరు తెరిచింది. ఆయన మొహం చూసి మూసేసింది. ఆ తరవాత వినిపించిన రెండు చప్పుళ్ళూ అలవాటు కొద్దీ వచ్చినవి కావు.

మర్నాడు పొద్దున వంటామె, అయ్యగారు రాత్రి మారు వడ్డించుకుని తిన్నారని చెప్పింది. భారతీదేవి పోయాక ఆయన అలా తినడం అదే మొదటిసారి.

ఇంతటితో ఆగిపోతుందనుకుంది రత్నమణి. ఇలాంటివి ఆగవు. మిత్రులు మిత్రులకు చెప్పారు. నెల తిరిగేసరికి జగ్గయ్యపేట నుంచి జనం బస్సు దిగి ఇల్లు వెతుక్కుంటూ రావడం మొదలుపెట్టారు. పీట దానంతటదే గాలిలోకి లేస్తుందని ఒకరన్నారు. పైకప్పు నుంచి తడిపూలు రాలతాయని, తను కళ్ళారా చూశానని ఒకాయన ప్రమాణం చేశాడు. ఆయన ఆ మేడ మెట్లే ఎక్కలేదు.

ఊరు మూడు పక్షాలైంది. అది ముమ్మాటికీ ఆత్మలేననీ, చెవికి వినిపించే భౌతిక నిదర్శనం ఇంతకంటే ఏం కావాలనీ జగన్నాథరావుగారి పక్షం. ఆత్మా లేదు, గాడిదగుడ్డూ లేదు, అంతా మోసమని హైస్కూలు సైన్సు మేష్టారు కొండలరావు పక్షం. మోసం కాదు, నిజమే, అయితే వచ్చేది సైతాను అని పాస్టరు ప్రేమానందంగారి పక్షం. రత్నమణిని ఆయన చర్చిలో ఇచ్చే ప్రభురాత్రి భోజనానికి రావద్దన్నారు. మూడు పక్షాలవాళ్ళూ ఆమె గురించే వాదించుకునేవారు గాని, ఆమెను ఎవరూ అడగలేదు.

కొండలరావు రెండుసార్లు పరీక్ష పెట్టాడు. మొదటిసారి ఆమె చేతులు తువ్వాలుతో కట్టాడు. నాలుకతో చప్పుడు చేస్తుందేమోనని నోటి నిండా నీళ్ళు పట్టించాడు. పీట కాళ్ళ కింద ఇటుకలు పెట్టాడు. అయినా చప్పుళ్ళు వచ్చాయి. ఆయన నేల మీద చెవి పెట్టి పాకుతూ గదంతా వెతికాడు. చీర కుచ్చిళ్ళ మాటున ఉన్న పాదాల జోలికి మాత్రం పోలేదు. పరాయి ఆడమనిషి కాళ్ళు చూడాలన్న ఊహే ఆయనకు రాలేదు.

రెండోసారి బూరుగుదూది పరుపు పరిచి దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చోమన్నాడు. ఒక్క చప్పుడూ రాలేదు.

"చూశారా!" అన్నాడు కొండలరావు.

"ఏం చూడమంటావయ్యా? కొయ్య తగలనిదే శక్తి ఎలా పారుతుంది? తీగ తెంపేసి టెలిగ్రాం రాలేదంటే తప్పు ఎవరిది?" అన్నారు జగన్నాథరావుగారు.

రత్నమణి ఎందుకు ఊరుకుందంటే, మొదట ఆయన అన్నం తింటున్నారని ఊరుకుంది. అది నిజమే. ఇంకో నిజం కూడా ఉంది. ఒకప్పుడు పేరూ ఊరూ అడిగి తలుపేసినవాళ్ళు ఇప్పుడు ఆమె మెట్లెక్కి వస్తుంటే లేచి నిలబడేవారు. ఆమె పక్కన కూర్చుని, ఆమె చేతికి చెయ్యి ఆన్చి, "అమ్మా, మావాడు ఏమంటున్నాడు?" అని బతిమాలేవారు. అది బాగుండేది. బాగున్నందుకే రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. చెప్పేద్దామని రోజూ అనుకునేది. ఒకరోజు ఆలస్యమైన మాటకు మర్నాడు నోరు ఇంకాస్త బరువెక్కేది. ఏప్రిల్ వచ్చేసరికి జాకెట్లు వదులయ్యాయి.

ఏప్రిల్ రెండో వారంలో వీరులపాడు నుంచి వీరరాఘవయ్య వచ్చాడు. ఆ ఊళ్ళో పెద్ద రైతు. రత్నమణి తండ్రి ప్రేమదాసు ముప్పై ఏళ్ళుగా ఆయన దగ్గరే పాలేరు. చిన్నప్పుడు ఆమె ఆ ఇంటికి వెళితే పశువులచావిడి దాటి లోపలికి వెళ్ళింది లేదు. ఆయన వెంట మేనత్త, తమ్ముడి భార్య రత్తమ్మ ఉన్నారు.

రత్తమ్మ కథ ఊరందరికీ తెలిసిందే. ఆమె మొగుడు బసవయ్య మూడేళ్ళ కిందట అన్నతో మాటా మాటా అనుకుని, కట్టుబట్టలతో వెళ్ళిపోయాడు. ఉత్తరం లేదు, ఊసు లేదు. ఈమధ్య ఆ ఇంట్లో రెండు ఎద్దులు వరసగా చచ్చాయి. బసవయ్య ఎక్కడో దిక్కులేని చావు చచ్చి ఉంటాడని, కర్మకాండ జరగక ప్రేతమై ఇల్లు పట్టుకుని ఉన్నాడని ఎవరో చెప్పారు. వీరరాఘవయ్య చెడ్డవాడు కాదు. భయపడ్డాడు.

"ఉన్నాడో పోయాడో తేలిపోవాలమ్మా," అన్నాడు రత్నమణికి దండం పెట్టి. ఆయన నోట అమ్మా అన్న మాట ఆమె వినడం అదే మొదలు. "పోతే కర్మ జరిపించేస్తా. దాని బొట్టూ గాజులూ తీయించేస్తే ఆ ముచ్చటా తీరిపోద్ది."

రత్తమ్మ గోడవారగా కూర్చుని ఉంది. పాతికేళ్ళుండవు. రూపాయి కాసంత బొట్టు పెట్టుకుని, చేతులకు మోచేతుల దాకా గాజులు వేసుకుని వచ్చింది. ఇదే ఆఖరని ఇంట్లో ఎవరో చెప్పి ఉంటారు. ఆ రోజు కొండలరావు కూడా ఉన్నాడు, ఒక మూల చేతులు కట్టుకుని.

అలాంటి ప్రశ్నకు తన వేలు కదలకూడదని రత్నమణి గట్టిగా అనుకుంది. వేలి మీద నమ్మకం లేక, దీపం తగ్గించగానే కాళ్ళు రెండూ కుర్చీ మీదికి తీసుకుని చీరతో చుట్టేసుకుంది. చప్పుడు రాకపోతే బతికే ఉన్నాడనుకుంటారు. ఈ గండం గట్టెక్కుతుంది.

"ఒరేయ్ బసవా, నువ్వు పోయి ఉంటే ఒక్క చప్పుడు చెయ్యరా. బతికుంటే ఊరుకో," అన్నాడు వీరరాఘవయ్య.

ఏమీ లేదు. కింద వీధిలో ఎడ్లబండి ఒకటి వెళ్ళింది. దాని గంటలు దూరమయ్యాయి. ఇక లేద్దామని జగన్నాథరావుగారు కుర్చీ కదిపారు.

టక్.

గోడ పక్క చెక్కల్లోంచి, స్పష్టంగా.

"అయ్యో నా తమ్ముడా!" అని వీరరాఘవయ్య తల పట్టుకున్నాడు. రత్తమ్మ నోట అరుపు రాలేదు. ఊపిరి వదిలినట్టు చిన్న శబ్దం వచ్చింది, అంతే. మేనత్త కొంగు చేతికి చుట్టుకుని ఆమె నుదుటి మీదికి వంగింది.

"ఆగండి! చెరపొద్దు!" రత్నమణి ఒక్క దూకున కుర్చీ దిగి ఆ ముసలామె చెయ్యి పట్టుకుంది. "ఆ చప్పుడు నేను చెయ్యలేదండీ!"

"నువ్వు చెయ్యలేదనేగా మేమనేది! చేసింది మా బసవడు," అంది మేనత్త.

"కాదండీ. ఇన్నాళ్ళూ చేసింది నేను. ఈ మేడ మీద విన్నవన్నీ నావే. ఇదొక్కటే నాది కాదు."

ఎవరికీ అర్థం కాలేదు. కొండలరావు లాంతరు పెద్దది చేశాడు. రత్నమణి చీర అంచు చీలమండ దాకా ఎత్తి, కుడిపాదం చెక్క మీద పెట్టి వేలు జారవిడిచింది. టక్. మళ్ళీ. టక్ టక్. "అడగండి," అంది. "ఎవర్ని పిలిచినా, ఏమడిగినా ఇదే చెబుతుంది. దీనికేం తెలుసండీ!"

వీరరాఘవయ్య లేచి నిలబడ్డాడు. "ప్రేమదాసు కూతురువై ఉండి నా చేత దండం పెట్టించుకుంటావటే!" అన్నాడు. కోపం కంటే సిగ్గు ఎక్కువగా ఉంది ఆ మాటలో. "మరి ఇప్పుడు మోగింది ఏంటి? అది చెప్పు!"

"నాకు తెలవదండీ."

రత్తమ్మ అప్పటికే రెండు అరచేతులతో నుదురు కప్పేసుకుని ఉంది. చేతులు తీయకుండానే, "పదండి బావగారూ, ఇంటికి పోదాం," అంది. "ఆయన్ని పోగా చూశానని ఎవరన్నా కళ్ళతో చూసి చెప్పిన రోజున చెరుపుకుంటా. కొయ్యముక్క చెబితే చెరుపుకోను."

వాళ్ళు దిగి వెళ్ళిపోయారు. కొండలరావు మూడు నెలలుగా తాను వెతికిన దాన్ని చూశాడు గాని గెలిచినవాడిలా లేడు. "పాదాలు... నాకు తట్టనే లేదు సుమా," అని గొణుక్కుంటూ దిగాడు. జగన్నాథరావుగారు మాత్రం పీట మీద చేతులు అలాగే పెట్టుకుని కూర్చున్నారు. రత్నమణి ఏదో అనబోతే, వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపారు.

గదిలోకి వచ్చి తలుపేసుకుని, ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. ఆకలేసింది. పొద్దుటి చద్దన్నంలో పచ్చిమిరపకాయ నంజుకుని గిన్నె ఊడ్చి తిని పడుకుంటే, తెల్లారి బడిగంట వినిపించేదాకా మెలకువ రాలేదు. మూడు నెలల నిద్ర ఆ ఒక్క రాత్రే తీర్చుకుంది.

సాయంత్రం జగన్నాథరావుగారు కిందికి దిగి వచ్చారు. గది ఖాళీ చెయ్యమంటారని ఆమె పెట్టె సర్దుకునే ఉంది. ఆయన గుమ్మంలో నిలబడ్డారు.

"మొదటిరోజు కూడా నువ్వేనా?"

"నేనేనండి. మొదటిది తెలీకుండా అయింది. తరవాతవి తెలిసే చేసా."

"కోపం లేదని రెండు కొట్టావే. లేదని నీకెలా తెలుసు?"

రత్నమణి పెట్టె మూత వేసి, చెప్పింది. "పిన్నిగారే అన్నారండి. మీకు కబురు పెడతానంటే వద్దన్నారు. 'ఆయన ఉట్టి పిరికి మనిషే. నన్నిలా చూస్తే బెంబేలెత్తిపోతారు. నాకిప్పుడు ఆయన్ని ఓదార్చే ఓపిక లేదు. జమాబందీ అయ్యాక తీరిగ్గా వస్తారులే' అన్నారు. నవ్వారు కూడానండి."

ఆయన గుమ్మం పట్టుకుని మెల్లగా మెట్టు మీద కూర్చున్నారు. "పిరికి మనిషి అందా?"

"అన్నారండి."

"అనే ఉంటుంది. ఎప్పుడూ అదే అనేది." ఆయన కండువాతో మొహం తుడుచుకున్నారు. "ఈ మాట రెండేళ్ళ కిందటే చెప్పకపోయావా అమ్మాయ్?"

"మీరు అడగలేదండి."

"అడగలేదు," అన్నారాయన. "నిజమే. నిన్నడగకుండా పీటనడిగా." తరవాత చాలాసేపు కూర్చుని ఆ మూడు రోజుల్లో ప్రతి పూటా ఏం జరిగిందో చెప్పించుకున్నారు. ఏం తాగింది, ఏ పక్కకు తిరిగి పడుకుంది, అన్నీ. గది ఖాళీ చెయ్యమనలేదు.

ఊరు మాత్రం ఊరుకోలేదు. ఆదివారం ఆమె చర్చిలో లేచి నిలబడి తప్పు ఒప్పుకుంది. ప్రేమానందంగారు బరువు దిగినట్టు నిట్టూర్చి, "సైతాను కాదు, కాలివేలే. దేవుడికి స్తోత్రం!" అన్నారు. ప్రార్థన అయ్యాక పక్కకు పిలిచి, "ఎలా చేసావమ్మా, ఏదీ?" అని అడిగారు కూడా. బడిలో పైవాళ్ళు విచారణ జరిపి జూన్‌లో జగ్గయ్యపేటకు బదిలీ చేశారు. వీరరాఘవయ్య ప్రేమదాసును పనిలోంచి తీసేశాడు. ముసలాయన తలగుడ్డ భుజాన వేసుకుని కూతురి దగ్గరికి వచ్చేశాడు. "పోన్లేవే," అన్నాడు. "ముప్పయ్యేళ్ళు ఆ చావిడే కాశా. ఒక ఆడకూతురు బొట్టు నిలబెట్టావు, అది చాల్దా?"

పంతులమ్మ కాలివేలి కథ బస్సుల్లోనూ లారీల్లోనూ ఎక్కి, గరికపాడు దాటి హైదరాబాదు రోడ్డు వెంట పాకిపోయింది. రెండేళ్ళకు, 1959 వేసవి ముదరక ముందే, అది ఒక పని చేసింది.

ఆ రోజు మధ్యాహ్నం విరామం గంట కొట్టాక, జగ్గయ్యపేట బడి వరండా కింద ఎవరో మొగుడూ పెళ్ళాం నిలబడి ఉన్నారని పిల్లలు చెప్పారు. రత్తమ్మను రత్నమణి వెంటనే గుర్తుపట్టింది. పక్కన ఖాకీ చొక్కా మనిషి తల గోక్కుంటున్నాడు.

"వీరేనండీ," అంది రత్తమ్మ. "మీ మేడ మీదికి పరలోకం నుంచి వచ్చింది."

బసవయ్య లారీ డ్రైవరయ్యాడట. సూర్యాపేటలో టీ తాగుతుంటే కొట్టువాడు, "గా పంతులమ్మ కాలివేలు ముచ్చట ఇన్నవా అన్నా?" అని మొదలుపెట్టి నవ్వుతూ చెప్పాడట. కొట్టువాడు వీరులపాడు అనేసరికి బసవయ్య గ్లాసు కింద పెట్టాడు. దయ్యం పేరు ఏంటని అడిగితే 'బసవయ్య' అని చెప్పాడట కొట్టువాడు.

"నా దయ్యం సంగతి నాకే చెప్పాడండీ," అన్నాడు బసవయ్య. "అప్పటిదాకా నాకు పౌరుషమే. నేను పోతే ఎవడికి పట్టింది అనుకున్నా. ఇది బొట్టు రెండు చేతుల్తో మూసుకుని కూర్చుందని విన్నాక లారీ ఓనరుకు తాళాలిచ్చేసి బస్సెక్కా. అన్నయ్య నన్ను చూసి ముందు ఝడుసుకున్నాడు, తరవాత పట్టుకుని ఏడ్చాడు."

"ఇదిగోండి," అని రత్తమ్మ సంచిలోంచి కందిపప్పు, ఎండుమిరపకాయలు తీసి బల్ల మీద పెట్టింది. "మీ నాన్నగారిని మళ్ళీ రమ్మంటున్నారు మా బావగారు."

"ఆయన రాడులే రత్తమ్మా. ఇక్కడ ఆయనకి చర్చి గంట కొట్టే పని దొరికింది," అంది రత్నమణి.

బసవయ్య బతికి వచ్చాడని తెలిసి నందిగామలో వాదం మళ్ళీ లేచింది. ఎండకు కాగిన చెక్క చల్లబడేటప్పుడు అలా టక్కుమంటుందని కొండలరావు. బసవయ్య కాకపోతే మరొకరెవరో వచ్చి ఉంటారని జగన్నాథరావుగారి మిత్రులు. నీకేమనిపిస్తుందని ఎవరైనా అడిగితే, నాకు తెలవదండీ అనేది రత్నమణి. జగన్నాథరావుగారు కూడా అంతే అనేవారట.

ఆ మధ్యాహ్నం రత్తమ్మా బసవయ్యా రెండున్నర బస్సుకని వెళ్ళారు. గేటు దాటాక రత్తమ్మ, చెప్పులు లేకుండా ఎండలో నడుస్తున్నావంటూ మొగుణ్ణి తిట్టడం మొదలుపెట్టింది. ఆ తిట్లు వినిపించినంతసేపూ రత్నమణి వరండాలో నిలబడి వింది. తరవాత మిరపకాయలు ఎండ తగలని చోట పెట్టి, రెండో తరగతికి ఎక్కాలు చెప్పడానికి వెళ్ళింది.